పిల్లికి పథ్యం

లోభిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటారు. ఈ చిన్న మాటలో ఒక పెద్ద ధర్మం ఇమిడి ఉన్నది. గడపలో నిలిచి అరచే పిల్లికి పిడికెడు అన్నం వేయడం గొప్ప దానమేమీ కాదు. మనిషికి ఉండవలసిన కనీస గుణం అది. ఆ కనీస గుణం కూడా లేనివాడే లోభి అని సామెత భావం. అయితే ఈ సామెత పుట్టిన కాలంలో పిల్లి ఊరిది. మన గడపలో దొరికిన ముద్ద దానికి చిరుతిండి మాత్రమే. అసలు భోజనాన్ని అది ధాన్యపు గాదెల చుట్టూ, గడ్డివాముల చాటున, ఎలుకల రూపంలో తానే సంపాదించుకునేది. దాని కడుపుకు మనం పూచీ పడలేదు.

నేడు అమెరికాలో మన ఇళ్ళలో పెరిగే పిల్లి పరిస్థితి అది కాదు. తలుపులు మూసిన ఇంట్లో, కిటికీ అద్దం లోపలి నుంచి పక్షులను చూస్తూ అది బ్రతుకుతున్నది. అది తినే ప్రతి ముద్ద, త్రాగే ప్రతి నీటిబొట్టు మన చేతి మీదుగా రావలసిందే. కనుక పిల్లికి పెట్టాలా వద్దా అన్న పాత ప్రశ్న తీరిపోయి, ఏమి పెట్టాలి అన్న కొత్త ప్రశ్న మన ముందుకు వచ్చింది. పిల్లి ఆరోగ్యంగా ఉన్నంత కాలం ఈ ప్రశ్న నిద్రపోతూ ఉంటుంది. దానికి మూత్రవ్యాధి వచ్చిన రోజున మేలుకుంటుంది.

డబ్బా మూత తీసినప్పుడు

మనలో చాలామందికి పరిచితమైన ఒక ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంట్లో మూడు తరాలుగా మాంసం ముట్టరు. పిల్లల ముచ్చట కోసం ఒక మగ పిల్లిని తెచ్చుకున్నారు. నాలుగేళ్ళుగా దానికి సంచిలో దొరికే పొడి గుళికలు పెడుతున్నారు. ఒకనాడు ఆ పిల్లి మాటిమాటికి లిట్టర్ బాక్స్‌లోకి వెళ్ళి ముక్కుతూ కూర్చున్నది. మూత్రం బొట్లు బొట్లుగా, నెత్తుటి చారతో వచ్చింది. వైద్యుడు పరీక్షించి, మూత్రంలో స్ఫటికాలు ఉన్నాయని, ఇకమీదట పొడి గుళికలు మాని, తాను వ్రాసి ఇచ్చే తడి ఆహారం మాత్రమే పెట్టాలని చెప్పాడు. ఇంటికి వచ్చి ఆ డబ్బా మూత తీసేసరికి వంటింట్లో కోడిమాంసపు వాసన గుప్పుమన్నది. ఆ వాసనతో పాటు ప్రశ్న కూడా వచ్చింది: ఇది మన ఇంట్లోకి రావచ్చునా?

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఒక నిజాన్ని గమనించాలి. నాలుగేళ్ళుగా పెట్టిన ఆ పొడి గుళికలలోనూ కోడి ఉన్నది, చేప ఉన్నది. అవి బిస్కట్ల వలె కనిపించాయి గనుక, వాసన అంతగా లేదు గనుక, మనం సంచి మీది అక్షరాలను చదవలేదు. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్లు" అంటాం గాని, ఇలాంటి ఇళ్ళలో కళ్ళు మూసుకున్నది పిల్లి కాదు. వ్యాధి వచ్చి కొత్త ధర్మసంకటాన్ని సృష్టించలేదు. ఉన్న సంకటాన్ని మన కళ్ళ ముందుకు తెచ్చింది. ఈ ఒప్పుకోలుతో మొదలుపెడితేనే మిగిలిన విచారణ నిజాయితీగా సాగుతుంది.

అప్పుడు ఆ ఇంట్లో సహజంగా మూడు మాటలు వినిపిస్తాయి. మొదటిది, "మనతో పాటు అది కూడా శాకాహారమే తింటుంది, అలవాటు చేద్దాం" అన్న మాట. రెండవది, "పాపం, జబ్బు చేసిన ప్రాణి, అడిగినదల్లా పెట్టండి" అన్న మాట. మూడవది, "దాని కర్మ ఎలా ఉంటే అలా జరుగుతుంది" అన్న మాట. మూడవదానికి సమాధానం క్లుప్తంగా చెప్పవచ్చు. మన బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు మనం కర్మ అని చేతులు ముడుచుకుని కూర్చోము, వైద్యుని వద్దకు పరుగెత్తుతాం. ఆపదలో ఉన్న ప్రాణి మన చేతికి అందే దూరంలో ఉండడం కూడా కర్మలో భాగమే కదా. మొదటి రెండు మాటలు మాత్రం మంచి మనసు నుంచి వచ్చినవి. అందుచేతనే వాటిని జాగ్రత్తగా పరిశీలించవలసి ఉన్నది.

శరీరం చెప్పే మాట

ధర్మనిర్ణయానికి ముందు వస్తుస్థితి తెలియాలి. పిల్లి పూర్వులు ఎండిన నేలలలో బ్రతికిన అడవి పిల్లులు. అక్కడ నీరు అరుదు. వేటాడిన ఎలుక శరీరంలో మూడింట రెండు వంతులకు పైగా నీరే ఉంటుంది గనుక వాటి దాహం చాలావరకు ఆహారంతోనే తీరేది. అందుకే పిల్లికి దాహం వేసే గుణం తక్కువ, మూత్రం చిక్కన. అటువంటి ప్రాణికి పొడి గుళికలు పెడితే, వాటిలో ఉండే నీరు సుమారు 10 శాతం మాత్రమే. ఆ లోటును పూడ్చుకునేటంత నీటిని చాలా పిల్లులు త్రాగవు. డబ్బాలలో వచ్చే తడి ఆహారంలో 75 శాతానికి పైగా నీరు ఉంటుంది. వైద్యులు మూత్రవ్యాధి ఉన్న పిల్లికి తడి ఆహారం చెప్పడంలోని మొదటి కారణం ఇదే. మూత్రం పలుచబడితే స్ఫటికాలు కట్టడం తగ్గుతుంది.

ఆ స్ఫటికాలలో ప్రధానంగా రెండు రకాలు. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు కలిసి ఏర్పడేవి స్ట్రువైట్ స్ఫటికాలు. ఇవి మూత్రం క్షారగుణం పొందినప్పుడు పెరుగుతాయి. తగిన ఔషధాహారంతో స్ట్రువైట్ రాళ్ళను కొన్ని వారాలలో కరిగించవచ్చు. రెండవ రకం కాల్షియం ఆక్సలేటు. ఈ రాళ్ళు ఏ ఆహారంతోనూ కరగవు, బయటికి తీయవలసిందే. 1980ల తరువాత పిల్లుల ఆహారం తయారుచేసేవారు స్ట్రువైట్‌ను అరికట్టడానికి మెగ్నీషియం తగ్గించి, మూత్రం ఆమ్లగుణం పొందేలా ఆహారాన్ని మార్చారు. స్ట్రువైట్ తగ్గింది గాని ఆక్సలేటు రాళ్ళు పెరిగాయి. ఆ మార్పు కూడా ఇందుకు ఒక కారణమని వైద్యులు భావించారు. ఒక వైపు ఎక్కువగా వంగితే రెండవ వైపు బరువు పడుతుందని దీనివల్ల తెలుస్తున్నది. అందుకే ఇంట్లో ఎవరో చెప్పిన చిట్కా విని నిమ్మరసమో, మరో ఆమ్లమో కలిపి పెట్టడం ప్రమాదకరం. ఏ రకం స్ఫటికమో పరీక్ష చెప్పాలి, ఏ ఆహారమో వైద్యుడు చెప్పాలి.

మరొక విషయం కూడా తెలుసుకోవాలి. మూత్రబాధ వచ్చిన ప్రతి పిల్లికీ స్ఫటికాలే కారణం కాదు. వయసులో ఉన్న పిల్లులలో తరచుగా ఏ రాయీ, ఏ సూక్ష్మజీవీ కనిపించకుండానే మూత్రాశయం వాచిపోతుంది. కలత, భయం, ఇంటి మార్పు, కొత్త మనుషులు, కొత్త జంతువులు దానిని రెచ్చగొడతాయి. ఇల్లు ప్రశాంతంగా ఉండడం కూడా అటువంటి పిల్లికి వైద్యంలో భాగమే.

మగ పిల్లుల విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. వాటి మూత్రనాళం చాలా సన్నన. స్ఫటికాలు, జిగురు కలిసి దానిని పూర్తిగా మూసివేయగలవు. పిల్లి పదేపదే ముక్కుతున్నా ఒక్క చుక్క కూడా రాకపోతే, అది మలబద్ధకమని భావించి రేపటి దాకా ఆగరాదు. విషపదార్థాలు, పొటాషియం నెత్తురులో పేరుకుని గుండె లయ తప్పుతుంది. 24 నుంచి 48 గంటలలో ప్రాణం పోవచ్చు. అది అర్ధరాత్రి అయినా, పండుగ అయినా, ఇంటినిండా అతిథులు ఉన్నా, వెంటనే అత్యవసర వైద్యశాలకు తీసుకువెళ్ళాలి.

వ్రతం ఎవరిది?

ఇక మొదటి మాటకు వద్దాం. "అది కూడా మనతో పాటు శాకాహారమే తింటుంది" అన్నప్పుడు మనం పిల్లి చేత ఒక వ్రతం పట్టిస్తున్నాం. పిల్లి వ్రతం పట్టగలదా?

మన పూర్వులు ఈ ప్రశ్నను నవ్వుతూనే విచారించారు. హితోపదేశంలోని మిత్రలాభంలో దీర్ఘకర్ణం అనే పిల్లి ఉన్నది. చెట్టు తొర్రలో ఉండే జరద్గవం అనే ముసలి గ్రద్దను సమీపించి, తాను మాంసం విడిచానని, నిత్యం గంగలో స్నానం చేస్తూ చాంద్రాయణ వ్రతం ఆచరిస్తున్నానని నమ్మబలుకుతుంది. గ్రద్ద నమ్ముతుంది. పిల్లి పక్షిపిల్లలను ఒక్కొక్కటిగా తిని ఎముకలను తొర్రలో వదిలిపోతుంది. నేరం గ్రద్ద మీద పడుతుంది. ఏడవ శతాబ్దంలో మహాబలిపురంలో చెక్కిన పెద్ద శిలాఫలకం మీద కూడా, చేతులు పైకెత్తి తపస్సు చేస్తున్న ఒక పిల్లి, దాని చుట్టూ ఎలుకలు కనిపిస్తాయి. అదే ఫలకం మీద నిజమైన తపస్వి కూడా నిలిచి ఉన్నాడు. చూచేవారికి ఇద్దరి భేదం తెలియాలని శిల్పి ఉద్దేశం కాబోలు.

ఈ కథను పిల్లల చేత చదివించేటప్పుడు మనం సాధారణంగా కపటులను నమ్మరాదన్న నీతిని చెప్పి ముగిస్తాం. అందులో మరొక నీతి కూడా ఉన్నది. వ్రతం అంటే తెలిసి, తలచి, తన ఇష్టంతో స్వీకరించిన నియమం. తెలియని ప్రాణి మీద మోపిన నియమం వ్రతం కాదు, అది కేవలం లేమి. శాకాహార నియమం మనకు పుణ్యమైతే, దానికి కారణం మనం దానిని ఎంచుకోవడమే. పప్పు, నెయ్యి, కూర, పెరుగు మన శరీరాన్ని చక్కగా పోషిస్తాయి గనుక మన వ్రతం మన ప్రాణం తీయదు. పిల్లి శరీరం అలా నిర్మితం కాలేదు. టారిన్ అనే పదార్థం దానికి ఆహారం నుంచే అందాలి, అది సహజంగా దొరికేది మాంసంలో. టారిన్ చాలకపోతే పిల్లి కంటిచూపు పోతుందని 1975లోను, గుండె కండరం బలహీనమవుతుందని 1987లోను శాస్త్రవేత్తలు నిరూపించారు. మనం క్యారెట్ నుంచి విటమిన్ ఏ తయారుచేసుకోగలం, పిల్లి చేసుకోలేదు.

ఈ కాలంలో కృత్రిమ టారిన్ కలిపిన శాకాహార పిల్లి భోజనం కూడా అమ్ముతున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆరోగ్యంగా ఉన్న పిల్లి విషయంలో దాని మీద వాదోపవాదాలు సాగుతున్నాయి. మన చర్చ వ్యాధి ఉన్న పిల్లిని గురించినది. మాంసాహారం సాధారణంగా మూత్రాన్ని ఆమ్లం వైపు, ధాన్యాలు, కూరలు క్షారం వైపు మళ్ళిస్తాయి. స్ట్రువైట్ పెరిగేది క్షారంలోనే. అంటే ఏ పిల్లికి ఈ ప్రయోగం అన్నిటికంటె ప్రమాదకరమో, సరిగ్గా ఆ పిల్లి మీదనే మనం ప్రయోగం చేయబూనుతున్నాం. ఫలితం మంచిదైతే పుణ్యం మనది. చెడితే నొప్పి దానిది. ఇటువంటి పంపకాన్ని ధర్మం అనలేము.

శిబి త్రాసు

అయితే అసలైన కష్టం ఇంకా మిగిలే ఉన్నది. పిల్లికి పెట్టే ఆ మాంసం కూడా ఒక ప్రాణిదే కదా. ఒక పిల్లిని బ్రతికించడానికి దాని జీవితకాలంలో ఎన్ని కోళ్ళు, ఎన్ని చేపలు! పిల్లి మన కళ్ళ ముందు ఉన్నది, దానికి పేరున్నది, మన ఒడిలో పడుకుంటుంది. కోడికి పేరు లేదు, మనం దానిని చూడలేదు. చూచిన ప్రాణి మీద దయ, చూడని ప్రాణి మీద ఉపేక్ష చూపడం అహింస అవుతుందా? ఈ ప్రశ్నను మన పిల్లలే అడుగుతారు. దానిని తోసిపుచ్చరాదు.

శిబి చక్రవర్తి కథలో ఉన్నది ఈ సంకటమే. డేగ తరుముకు రాగా ఒక పావురం రాజు ఒడిలో వాలింది. రాజు అభయమిచ్చాడు. డేగ వచ్చి వాదించింది: పావురం నాకు సహజమైన ఆహారం, నీవు దానిని కాపాడితే నేను, నా సంసారం ఆకలితో చస్తాం, ఒకరిని కాపాడి మరొకరిని చంపడం ఏమి ధర్మం? ఈ కథలో మనం తరచు గమనించని విశేషం ఒకటి ఉన్నది. రాజు డేగను దుష్టురాలని నిందించలేదు. ఇకమీదట ధాన్యం తిని బ్రతకమని ఉపదేశించలేదు. దాని ఆకలి న్యాయమైనదని ఒప్పుకున్నాడు. పావురం మీద తనకు కలిగిన కరుణకు వెలను డేగ కడుపు మీద వేయక, తన తొడ కోసి త్రాసులో పెట్టాడు. చాలకపోతే తానే త్రాసు ఎక్కాడు.

ఈ కథ మనలను శరీరం కోసి ఇవ్వమని అడగదు. అది చెప్పేది ఒక సూత్రం: మన కరుణకు, మన నియమానికి అయ్యే వెలను మనమే చెల్లించాలి, మన మీద ఆధారపడిన ప్రాణి చేత చెల్లింపజేయరాదు. శాకాహార నియమం మనది. ఆ నియమానికి భంగం కలుగుతున్నదన్న బాధ కూడా మనమే భరించాలి. వాసన, ఖర్చు, అదనపు శ్రమ, మనసులోని ముల్లు, ఇవన్నీ మన వంతు. మూత్రాశయంలోని నొప్పిని ఆ పద్దులో పిల్లి వంతుగా వ్రాయకూడదు.

మరి కోడి మాట? అది తీరని ఋణమే. ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలోనే ధర్మవ్యాధుని కథ కూడా ఉన్నది. మిథిలానగరంలో మాంసం అమ్ముకునే ఆ వ్యాధుని వద్దకు కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి వెళ్ళవలసి వచ్చింది. తాను స్వయంగా చంపనని, తిననని, వంశవృత్తిగా అమ్ముతానని వ్యాధుడు చెప్పాడు. నాగలి దున్నేవాడు నేలలోని ఎన్ని ప్రాణులను చంపుతున్నాడో చూడమన్నాడు. హింస బొత్తిగా లేని బ్రతుకు లోకంలో లేదని, అయినా ఉన్నంతలో దానిని తగ్గించుకోవడానికి ప్రయత్నించడమే సాధువుల లక్షణమని ఆయన మాటల సారం. మన పళ్ళెంలోని అన్నం కూడా ఎవరికీ నొప్పి కలగకుండా రాలేదు. ఈ ఎరుక మనకు వినయం నేర్పాలి గాని, హింసకు అనుమతిపత్రం కాకూడదు.

ఆ వినయం ఆచరణలో ఎలా ఉంటుంది? అవసరమైనంతే పెట్టి, పారవేయకుండా ఉండడం. పిల్లి ఆహారంలో మనుషులు ఎక్కువగా తినని కాలేయం, గుండె వంటి భాగాలు కూడా వాడతారని తెలుసుకుని, అటువంటివాటిని నీచమని త్రోసివేయకుండా ఉండడం. పిల్లిని లావెక్కనీయకుండా ఉండడం. ఇవేవీ ఋణాన్ని రద్దు చేయవు. ఋణం ఉన్నదని గుర్తుంచుకుని మెలగడం మాత్రం నేర్పుతాయి.

ప్రేమ, పథ్యం

ఇక రెండవ మాట: "అడిగినదల్లా పెట్టండి." ఇది ఎక్కువగా మన పెద్దల నోట వినిపిస్తుంది. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు, మన సంస్కృతిలో ప్రేమకు మొదటి భాష అన్నమే. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండిపోవడానికి వచ్చిన అమ్మమ్మ ఆ ఇంటి పిల్లితో పగలంతా గడుపుతుంది. తాను పెరుగన్నం కలుపుకుంటుండగా పిల్లి కాళ్ళ చుట్టూ తిరిగితే ఆమె చేయి ఊరుకోదు.

"అమ్మమ్మా, దానికి పెట్టొద్దని డాక్టర్ చెప్పారు కదా!"

"ఒక్క ముద్దేనే తల్లీ. నా మొహంలోకి ఎలా చూస్తోందో చూడు. నోరులేని ప్రాణి."

ఈ సంభాషణలో ఇద్దరిదీ ప్రేమే. మనుమరాలి మాటను మొరటుతనంగాను, అమ్మమ్మ మాటను అజ్ఞానంగాను భావించడం రెండూ పొరపాటే. ఇద్దరినీ కలిపే మాట మన భాషలోనే ఉన్నది. అదే పథ్యం. పథం అంటే త్రోవ. రోగి శరీరాన్ని ఆరోగ్యపు త్రోవలో నిలిపే ఆహారం పథ్యం. ఏదో మానివేయడం మాత్రమే పథ్యం కాదు, తగినది పెట్టడం కూడా పథ్యమే. జ్వరం తగ్గిన బిడ్డ ఆవకాయ కోసం ఏడ్చినా చారన్నమే కలిపి పెట్టిన తల్లులు మన అమ్మమ్మలు. బాలింతకు ఏది పెట్టాలో, ఏది పెట్టరాదో నెలల తరబడి లెక్క చూచిన చేతులు అవి. వారికి పథ్యం నేర్పవలసిన పని లేదు. "పిల్లి పథ్యంలో ఉన్నది, అమ్మమ్మా" అని మన మాటలో చెబితే చాలు. వైద్యుని కాగితం చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది.

ఎందుకు పెట్టరాదో కూడా చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి వండినా, పచ్చివైనా పిల్లి నెత్తుటి కణాలను పాడుచేస్తాయి. మన పులుసులు, కూరలు, పచ్చళ్ళు చాలావరకు వాటితో చేసేవే. తెనాలి రామకృష్ణుని పిల్లి పాలను చూచి పారిపోయిందన్న కథకు మనం నవ్వేది, పిల్లికి పాలంటే ప్రాణమని నమ్మడం వల్లనే. కాని ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు. అన్నిటికంటె ముఖ్యంగా, ఔషధాహారంలోని ఖనిజాలు, లవణాలు ఒక లెక్క ప్రకారం ఉంటాయి. పైనుంచి పడే ప్రతి ముద్ద ఆ లెక్కను తప్పిస్తుంది. ఆరు పూటలు పథ్యం పెట్టి ఏడవ పూట ముచ్చట తీర్చుకుంటే నష్టపోయేది ముచ్చట తీర్చుకున్నవారు కాదు.

దీనికి రెండవ అంచు కూడా ఉన్నది. పథ్యం పేరుతో మొండితనం పనికిరాదు. "ఆకలి వేస్తే అదే తింటుంది" అన్న మాట పిల్లి విషయంలో చెల్లదు. కొత్త ఆహారం నచ్చక పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకుండా ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. అందుకే పాత ఆహారంలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ, వారం పది రోజులలో మార్చమంటారు. వెంటనే మార్చవలసిన స్థితి ఉంటే వైద్యుడే చెబుతాడు. డబ్బాను కొంచెం వెచ్చచేసి పెట్టడం, రెండు మూడు రుచులు ప్రయత్నించడం, ఒక రకం ఇష్టపడకపోతే మరొకటి అడగడం, ఇదంతా ఓపికతో కూడిన పని. మన ఇళ్ళలో మారాం చేసే పిల్లవానికి చందమామను చూపించి తినిపించిన ఓపిక ఇక్కడ కూడా కావాలి.

ఒకే ఇంట్లో రెండు ధర్మాలు

ఇంటి నియమం, పిల్లి అవసరం ఒకే కప్పు క్రింద ఇమడగలవా? ఇమడగలవని మా నమ్మకం. మడి, తడి, ఎంగిలి అన్న విచక్షణ తెలిసిన ఇళ్ళకు విడివిడిగా ఉంచడం కొత్త కాదు. వంటింటికి దూరంగా, ఉతుకుగది మూలనో, గరాజులోనో పిల్లికి ఒక అలమర ఏర్పరచవచ్చు. దాని గిన్నెలు, చెంచా, తుడిచే గుడ్డ వేరు. పూజగదికి, దానికి మధ్య దూరం ఉండేలా చూచుకోవచ్చు. ముట్టుకోవడం కష్టమైన పెద్దలకు ఆ పని అప్పగించకుండా, ఇష్టపడిన పిల్లలకు అప్పగించి, చేతులు కడుక్కోవడం అలవాటు చేయవచ్చు. నీళ్ళగిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచడం, లిట్టర్ బాక్స్‌ను రోజూ శుభ్రం చేయడం, వ్రతాలు, పుట్టినరోజులు జరిగే రోజున పిల్లికి ఒక నిశ్శబ్దపు గది ఇవ్వడం కూడా భోజనమంత ముఖ్యమే.

మన గృహస్థధర్మంలో చెప్పిన ఐదు మహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. ఇంట్లో వండినదానిలో కొంత భాగం ప్రాణుల కోసం తీసి పెట్టడం దాని రూపం. మనం తినేది మనం పెట్టడం ఆ యజ్ఞానికి ఆరంభం. దానికి తగినది మనం పెట్టడం దాని పరిపాకం అనవచ్చు.

శ్రీవైష్ణవ సంప్రదాయంలో భగవంతునికి, జీవునికి గల సంబంధాన్ని చెప్పడానికి రెండు ఉపమానాలు వాడతారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది, ఇది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ పట్టుకోదు, తల్లియే దానిని నోట కరచుకుని సురక్షితమైన చోటికి చేరుస్తుంది, ఇది మార్జాల కిశోర న్యాయం. మన ఇంటి పిల్లి విషయంలో ఈ ఉపమానం అక్షరాలా నిజమైంది. అది మనలను పట్టుకుని లేదు, మనమే దానిని పట్టుకుని ఉన్నాం. తలుపు మూసినది మనం, గిన్నె నింపేది మనం. ఆ పట్టు ఎంత బిగువుగా ఉండాలో, ఎంత మెత్తగా ఉండాలో తల్లిపిల్లికి తెలిసినట్లు మనకూ తెలియాలి. పన్ను దిగరాదు, కూన జారరాదు.

తెచ్చుకునే ముందు

ఈ విచారణకు తగిన సమయం నిజానికి వ్యాధి వచ్చిన తరువాత కాదు, పిల్లిని తెచ్చుకునే ముందు. మాంసం డబ్బా ఇంట్లోకి రావడం ఏ విధంగానూ సమ్మతం కాని కుటుంబాలు ఉంటాయి. వారి నియమం గౌరవింపదగినది. వారు తమ పిల్లలతో ఆ మాటను సూటిగా చెప్పి, కుందేలునో, గినీపందినో పెంచుకోవచ్చు. అవి గడ్డి, ఆకులు తిని హాయిగా బ్రతుకుతాయి. అది పిరికితనం కాదు, తన హద్దు తెలిసిన పెద్దరికం. తెచ్చుకున్న తరువాత మాత్రం మన నియమాన్ని కారణంగా చూపి దాని శరీరాన్ని తగ్గించుకోమనడం కుదరదు.

పిల్లలారా, మీలో ఎవరి ఇంట్లోనైనా పిల్లి ఉంటే, ఈ వారం దాని ఆహారపు డబ్బా మీదో, సంచి మీదో వ్రాసి ఉన్నదానిని పెద్దలతో కలిసి చదవండి. అందులో ఏమేమి ఉన్నాయో తెలుగులో ఒక కాగితం మీద వ్రాయండి. ఏ ప్రాణి నుంచి ఏది వచ్చిందో తెలుసుకోండి. తెలుసుకున్న తరువాత బాధ కలిగితే, ఆ బాధను దాచవద్దు, ఇంట్లో పెద్దలతో మాట్లాడండి. ఆ తరువాత పిల్లికి దాని భోజనం వేళకు పెట్టండి. బాధ తెలిసీ బాధ్యత విడువకపోవడాన్నే మన పెద్దలు ధర్మం అన్నారు.